మొబిలిటీ స్కూటర్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా? నా అనుభవం

మీ నాన్నగారికి 74 ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయి వీధి చివరిదాకా నడవలేకపోతున్నారు. నడవలేనివారు కూర్చుని తిరిగే బ్యాటరీ బండి, అదే మొబిలిటీ స్కూటర్, కొనాలని మీకు ఉంది. కానీ ఆయన గుంటూరులో, మీరు బెంగళూరులో, సర్వీసు సెంటరేమో హైదరాబాదులో. చెడిపోతే ఎవరు చూస్తారు, యంత్రాల సంగతి తెలియని మనిషి నేర్చుకోగలరా అన్నది మీ ప్రశ్న.

నేర్చుకోగలరు. నేను తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. సంధులు, సమాసాలు విడగొట్టడమే తప్ప జీవితంలో ఒక నట్టు విప్పి ఎరగను. అలాంటిదాన్ని ఇప్పుడు ఎదురింటివారి ఇన్వర్టరు బ్యాటరీ కూడా చూసిపెడుతున్నాను.

నాకు మూడో ఏట పోలియో వచ్చింది. కాలిని నిలబెట్టే క్యాలిపరు, చంకల్లో కర్రలు పెట్టుకుని నలభై ఏళ్లు బడికి వెళ్లివచ్చాక భుజాలు మొరాయించాయి. కాళ్లు చేయాల్సిన పని అన్నేళ్లు భుజాలు చేస్తే అరగవా మరి! 2018లో నాలుగు చక్రాల స్కూటరు కొన్నాం. మేముండేది రాజమహేంద్రవరంలో, లిఫ్టున్న అపార్టుమెంటులో. సాయంత్రాలు గోదావరి గట్టుకు ఒక్కదాన్నే వెళ్లడం మొదలుపెట్టాను. ఎన్నేళ్ల తర్వాతో ఒక్కదాన్ని!

నాలుగో నెలలో ఒక ఉదయం తాళం తిప్పితే స్కూటరు కుయ్యోమంటోంది గానీ కదలదు. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే, కంట్రోలరు పోయి ఉంటుంది, మనిషిని పంపిస్తామన్నారు. ఆ మనిషి వచ్చేసరికి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ గడప దాటలేదు. అతను వచ్చి, వంగి, వెనక చక్రం దగ్గరున్న ఎర్ర లీవరును కిందికి నొక్కి, తాళం ఒకసారి తీసి మళ్లీ పెట్టాడు. బండి కదిలింది. మొత్తం ఒక నిమిషం పని. రానుపోను ఖర్చులతో కలిపి 3,000 రూపాయలు తీసుకున్నాడు. కాఫీ కూడా ఇచ్చాను.

జరిగిందేమిటంటే, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఊడ్చేటప్పుడు స్కూటరును పక్కకు జరపడానికి ఆ లీవరు ఎత్తి, మళ్లీ దించడం మరిచిపోయింది. ఈ స్కూటర్లకు మోటారు వెనకాల విద్యుదయస్కాంత బ్రేకు ఉంటుంది. కరెంటు అందితేనే అది వదులుతుంది, అందకపోతే పట్టి ఉంచుతుంది. అందుకే తాళంచెవి తీసేసి ఆపిన బండిని తోస్తే కదలదు. తోయాలంటే లీవరుతో ఆ బ్రేకును విడిపించాలి. లీవరు ఎత్తి ఉన్నంతసేపూ మోటారుకు కరెంటు వెళ్లదు. దించాక కూడా తాళం ఒకసారి తీసి పెడితేగానీ అది ఒప్పుకోదు. ఇంకో మాట, లీవరు ఎత్తి ఉన్న బండికి బ్రేకు లేనట్టే. వాలు మీద ఎత్తారో, మనిషితో సహా జారిపోతుంది.

ఆ మధ్యాహ్నం నిఘంటువు పక్కన పెట్టుకుని బండితో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. లోపల అంత గహనమైనదేమీ లేదని అప్పుడు తెలిసింది. 12 వోల్టుల బ్యాటరీలు రెండు, వరుసగా కలిపితే 24 వోల్టులు. ఒక మోటారు, దాన్ని వెనక ఇరుసుతో కలిపే గేరుపెట్టె. బొటనవేలితో నొక్కే లీవరు ఎంత కదిలిందో చూసి మోటారుకు కరెంటు వదిలే కంట్రోలరు. మిగతావి వైర్లు, ఒక సర్క్యూట్ బ్రేకరు, కుర్చీ. బండి ఆగిపోయినప్పుడు దీపం ఎన్నిసార్లు వెలిగి ఆరిందో లెక్కపెడితే, ఆ అంకెకు అర్థం పుస్తకంలో ఉంటుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం, అందుకే ఆ పుస్తకం పారేయకండి. ఒక్కోసారి తప్పు మనదే. బొటనవేలి లీవరు మీద వేలు ఆనించి తాళం తిప్పినా అది అలిగి కూర్చుంటుంది. చార్జరు తగిలించి ఉన్నా కదలదు.

ఇక బ్యాటరీల దగ్గరికి వస్తాను. నా లెక్కలో పది ఇబ్బందుల్లో ఏడెనిమిది అక్కడే పుడతాయి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే, వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటరు ఒకటి కొనండి. నేను కొన్న మొదటి పనిముట్టు అదే. రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున చార్జరు తీసి, రెండు గంటలు ఆగి, ఒక్కొక్క బ్యాటరీని విడిగా కొలవాలి. తీసిన వెంటనే కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. 12.7, 12.8 వోల్టులు చూపిస్తే నిండినట్టు. 12.2 దగ్గరుంటే సగమే ఉన్నట్టు. హ్యాండిల్ మీదుండే బ్యాటరీ ముల్లును పూర్తిగా నమ్మకండి, అదీ ఒక రకం వోల్టుమీటరే. గట్టెక్కేటప్పుడు ఎరుపులోకి పడిపోయి, చదును మీదకు రాగానే పచ్చకు తిరిగి వస్తోందంటే బ్యాటరీలు ముసలివయ్యాయని అర్థం.

మా మొదటి జత ఇరవై నెలలకే పోయింది. తప్పు మాదే. బండిని పడమటి బాల్కనీలో పెట్టి అక్కడే చార్జింగ్ పెట్టేవాళ్లం. ఈ సీల్డ్ లెడ్ బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల వేడికి లెక్కకడతారు. అక్కడి నుంచి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మా ఊరి మే నెలలో పడమటి బాల్కనీ అంటే ఇక చెప్పేదేముంది! ఇప్పుడు బండి హాల్లో సోఫా పక్కన ఉంటుంది. వచ్చినవాళ్లకు కొంచెం అడ్డమే, ఫరవాలేదు. గుంటూరు ఎండలు మీకు నేను చెప్పక్కర్లేదు, చోటు ముందే చూసుకోండి.

రెండో తప్పు పిసినారితనం వల్ల జరిగింది. కొలిస్తే ఒక బ్యాటరీ 12.8, రెండోది 12.3. మీటరు తీగలు తగిలించి, పక్కన మావారిని చూస్తూ రమ్మని, అపార్టుమెంటు ర్యాంపు ఎక్కించాను. మంచిది 12.1కి తగ్గింది, రెండోది ఏకంగా 10.4కి పడిపోయింది. దుకాణదారు చెడినదాన్ని ఒక్కదాన్నే మార్చుకోమన్నాడు, డబ్బు కలిసొస్తుందని నేనూ సరేనన్నాను. ఆరు నెలల్లో కొత్తదీ చెడింది. చార్జరు రెండింటినీ కలిపి 24 వోల్టులుగానే చూస్తుంది. ఏది నిండింది, ఏది నిండలేదు అన్నది దానికి తెలియదు. ఒకటి పొంగేదాకా తాగుతుంటే రెండోది అర్ధాకలితో ఉంటుంది. కాబట్టి మారిస్తే రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే నెలలో తయారైనవి మార్చండి.

వీటిని స్కూటరు అమ్మినవాళ్ల దగ్గరే కొనక్కర్లేదు. యూపీఎస్ బ్యాటరీలు అమ్మేచోట అడగండి. పాతదాని మీదున్న వోల్టులు, ఆంపియర్-అవర్లు, పొడవు, వెడల్పు, ఎత్తు, తీగలు బిగించే బోల్టు రకం అన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాలి. కారు బ్యాటరీ పెట్టేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ఇంజను తిప్పడానికి ఒక్క ఊపులో కరెంటు ఇచ్చే రకం, గంటల తరబడి బండి లాగడానికి పుట్టినది కాదు. రోజూ తిరిగితే రోజూ రాత్రి చార్జింగ్ పెట్టాలి. పూర్తిగా అయిపోయాక పెడదామనుకోవడం సెల్‌ఫోను కాలపు మూఢనమ్మకం. లెడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ నిండదు. ఊరెళ్లి నెల తర్వాత వచ్చేటట్టయితే నిండుగా చార్జి చేసి, తాళంచెవి తీసేసి వెళ్లండి.

మార్చేటప్పుడు ముందు ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. ఏ తీగ ఎక్కడిదన్నది అప్పుడు గుర్తుంటుందనిపిస్తుంది, తర్వాత గుర్తుండదు. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టాలి. ఉంగరాలు, గొలుసులు, గడియారం తీసేయాలి. బ్యాటరీ రెండు కొనల మధ్య లోహం పడితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. నా చేతి గాజులు తీస్తుంటే మా అత్తగారు శుభమా అంటూ అడ్డుపడ్డారు. బంగారు గాజులు తీసేసి మట్టిగాజులు ఉంచుకున్నాను. గాజులో కరెంటు పారదు. ఆవిడకూ సంతోషమే, విద్యుత్ శాస్త్రానికీ అభ్యంతరం లేదు. బిగించాక కొనలకు కొద్దిగా వాసెలిన్ రాస్తే తుప్పు, తెల్లటి పొడి పట్టవు.

నేనే చేసుకుంటానంటున్నాను గానీ, నేను నేల మీద కూర్చుని లేవలేను. బ్యాటరీ ఒక్కొక్కటి పది కిలోల పైనే, ఎత్తలేను. పై అంతస్తులో ఇంటర్ చదివే అబ్బాయి వచ్చి ఎత్తిపెడతాడు. నేను మంచం అంచున కూర్చుని మీటరు పట్టుకుని, ఏది ముందు, ఏది తర్వాత అన్నది చెబుతాను. చేతులు అతనివి, ఆరా నాది. మీ నాన్నగారూ బరువులు ఎత్తకూడదు. కానీ ఏం జరుగుతోందో ఆయనకు తెలిసి ఉంటే, ఎత్తడానికి వచ్చిన మనిషి ఎవరైనా సరిపోతారు. తెలియకపోతే పదకొండు రోజులు.

టైర్ల సంగతి. గాలి టైర్లయితే కుదుపు తక్కువ, నడుముకు సుఖం. కానీ మా గట్టు మీద పల్లేరుకాయలు ఉన్నాయి. గట్టి రబ్బరు టైర్లకు పంక్చరు బెడద లేదు గానీ ప్రతి స్పీడ్‌బ్రేకరూ వెన్నుపూసలో తెలుస్తుంది. నేను గాలి టైర్లే వాడుతూ, పక్షానికొకసారి చూసుకుంటాను. ఎంత గాలి కొట్టాలన్నది టైరు పక్క గోడ మీదే అచ్చువేసి ఉంటుంది. గాలి తగ్గితే బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది.

పంక్చరు వేయించేటప్పుడు మీరు పక్కనే ఉండాలి, ఎందుకంటే పంక్చరు షాపువాళ్లకు ఈ చక్రాలు కొత్త. వీటిలో చాలావాటికి రిమ్ము రెండు చిప్పలుగా ఉండి బోల్టులతో కలిసి ఉంటుంది. గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పితే చిప్ప ఎగిరి ముఖానికి తగులుతుంది. వాల్వులోని పిన్ను తీశాకే స్పానరు పట్టుకోమని నేను ముందే చెబుతాను. ఇంకొకటి, వెనక చక్రం ఒకటి గాలిలోకి లేపితే నేల మీదున్న రెండోదాన్ని బ్రేకు ఆపలేదు. రెండు వెనక చక్రాలను వేరువేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక, డిఫరెన్షియల్ అంటారు, అది ఉండటం వల్ల లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది, కింది చక్రం దొర్లిపోతుంది. కాబట్టి మిగతా చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టాలి. చక్రం లాగినప్పుడు ఇరుసు గాడిలోంచి వేలెడైనా లేని ఇనుప ముక్క ఒకటి కింద పడుతుంది. దాన్ని పోగొట్టుకుంటే మోటారు తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. అందుకే కింద పాత చీర పరుస్తాను.

మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఉంటే అవీ అరుగుతాయి. కదలనని మొండికేసి, ఎవరైనా కొంచెం తోస్తే బయలుదేరుతోందంటే ముందు వాటినే అనుమానించండి. నావి ఒక్కసారే మార్చాల్సి వచ్చింది. పాతవి పట్టుకెళితే మోటారు వైండింగ్ షాపులో అదే కొలతవి చూసి వేశాడు.

వానలో హ్యాండిల్‌కు ప్లాస్టిక్ సంచి తొడుగుతాను, అందులోనే స్విచ్చులన్నీ ఉంటాయి. పైపుతో ఎప్పుడూ కడగను, తడిగుడ్డతో తుడుస్తానంతే.

నేను ముట్టుకోనివీ ఉన్నాయి. కంట్రోలరు పెట్టె తెరవను. చార్జరు విప్పను, అందులోకి 230 వోల్టులు వస్తాయి. బ్రేకును విప్పను గానీ వారానికొకసారి పరీక్షిస్తాను. తాళం తీసి తోస్తే కదలకూడదు. చదును నేల మీద మెల్లగా వెళుతూ వేలు వదిలేస్తే ఎప్పుడూ ఆగే చోటే ఆగాలి. జారిందంటే ఆ రోజే బండి మూలన పెట్టి, తెలిసినవాళ్లను పిలిపిస్తాను. ఈ-రిక్షాలు బాగుచేసే మెకానిక్కులు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు, వాళ్లకు ఈ మోటార్లు బాగానే అర్థమవుతాయి. నడుస్తుండగా తాళం తీయవద్దని మాత్రం మీ నాన్నగారికి గట్టిగా చెప్పండి. బ్రేకు ఒక్కసారిగా పట్టేసి మనిషి ముందుకు తూలిపోతారు.

కొనేముందు దుకాణంలో మూడు సంగతులు అడగండి: బ్యాటరీ కొలతలు, టైరు కొలత, కంట్రోలరూ చార్జరూ విడిగా దొరుకుతాయా అన్నది. జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి, బండి ఎంత మెరుస్తున్నా సరే. మూడు చక్రాలది సందుల్లో సులువుగా తిరుగుతుంది, కానీ మన గతుకుల రోడ్ల మీద మలుపులో పక్కకు ఒరుగుతుంది. ఆయన వయసుకు నాలుగు చక్రాలదే నయం.

దానికంటే ముందు టేపు తీసుకుని ఇంటి గుమ్మం కొలవండి. ర్యాంపుకు ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండాలి. గడప, మెట్టు కలిపి 30 సెంటీమీటర్లయితే 3 మీటర్ల 60 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. వాకిట్లో అంత చోటు ఉందా? లేకపోతే బండి కొన్నా రోజూ ఇద్దరు మోయాలి. ఆ కొలతలూ, మీరు చూస్తున్న మోడలు బ్యాటరీ కొలతలూ ఇక్కడ రాయండి. మా బ్యాటరీ దుకాణంలో అడిగి, ఆ సైజు మన వైపు దొరుకుతుందో లేదో చెబుతాను.