మైకు విప్పే ముందు

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నాను. నీ గొంతు వెనకాల పోపులో ఆవాల్లా ఒకటే చిటపట. మైకు పోయింది, కొత్తది కొంటానంటున్నావు. ఆగు. కండెన్సర్ మైకు నిజంగా చచ్చిపోవడం నేను చూసింది తక్కువ. కేబుల్ తెగడం, చెమ్మ పట్టడం, ఎక్కువగా ఈ రెండే.

మైకు జోలికి వెళ్లకుండా ముందు కేబుల్ మార్చి చూడు. ఇంకో కేబుల్ లేకపోతే ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే ఆ పెట్టెలో) ఫాంటమ్, అంటే కేబుల్ గుండా మైకుకి వెళ్లే కరెంటు, ఆన్ చేసి, మైకుకి తగిలించే చివర మల్టీమీటర్‌తో కొలిచి చూడు. ఒకటో పిన్నుకీ రెండుకీ మధ్య, ఒకటికీ మూడుకీ మధ్య, రెండుచోట్లా 48 వోల్టుల దగ్గర రావాలి. 44 నుంచి 52 దాకా పర్వాలేదు. ఒక వైపు సరిగ్గా వచ్చి రెండో వైపు సున్నా చూపిస్తే తప్పు మైకుది కాదు, కేబుల్‌దో నీ ఇంటర్‌ఫేస్‌దో. (ఈ 48 ఎక్కడిదనుకున్నావు? 1966లో నార్వే రేడియో వాళ్ల స్టూడియోల్లో ఎమర్జెన్సీ దీపాలకి ఆ కరెంటు ఎలాగూ ఉండేది. మైకులు చేసే జర్మనీ నాయిమన్ కంపెనీ దాన్నే మైకులకి వాడుకుంది.)

అక్కడ అంతా బాగుంటే చెమ్మ మీదే నా అనుమానం. మీ కాకినాడలో ముసురు పట్టిందన్నావు కదా. నువ్వేమో ఏసీ గదిలో రికార్డు చేసి, చల్లగా ఉన్న మైకుని అలాగే హాల్లోకి తెస్తావు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకి చెమట పట్టినట్టే దానికీ పడుతుంది. మైకులో శబ్దాన్ని పట్టే భాగం క్యాప్సూల్. దాని పక్కనుండే రెసిస్టర్లు వంద కోట్ల ఓమ్‌ల లెక్కలో ఉంటాయి. అంత నిరోధం ఉన్నచోట కంటికి కనపడని తేమ పొర చాలు, ఛార్జ్ దాని మీదుగా జారిపోతుంది. నీకు వినిపించే చిటపట అదే.

గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో రెండు రోజులు ఉంచు. బియ్యంలో మాత్రం పాతిపెట్టకు, తవుడు మైకు తల మీది జాలీలోంచి లోపలికి పోతుంది. హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు.

అప్పటికీ తగ్గకపోతేనే విప్పు. ఫాంటమ్ ఆపి, కేబుల్ పీకి, పది నిమిషాలాగి మొదలుపెట్టు. నీది ట్యూబు మైకు (లోపల వాక్యూమ్ ట్యూబు ఉండే రకం) కాదు కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను. వాటి పవర్ సప్లైలో ప్రాణం తీసే వోల్టేజీ ఉంటుంది.

జాలీ తీయగానే బంగారు పూతతో మెరుస్తూ ఉల్లిపొర లాంటిది కనిపిస్తుంది. అదే డయాఫ్రమ్, శబ్దానికి కదిలే పొర. దాన్ని ముట్టుకోకు, ఊదకు, తుడవకు. కుర్రతనంలో నేను దాని మీద దుమ్ముందని దూది పుల్లతో మెల్లగా రాశాను. దుమ్ముతో పాటు బంగారమూ వచ్చేసింది. ఆ పుల్ల చివర పసుప్పచ్చని మెరుపు ఇప్పటికీ కళ్లముందే ఉంది. రెండు నెలల జీతం పోయింది.

లోపలి సర్క్యూట్ బోర్డు మీద మాత్రం చెయ్యి పెట్టొచ్చు. వేలిముద్రల జిడ్డు, సోల్డరింగ్ ఫ్లక్సు మిగిలి ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తని బ్రష్ ముంచి తుడిచి, పూర్తిగా ఆరనివ్వు. ఆ చుక్క క్యాప్సూల్ మీద పడకూడదు. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేలు వాడకు, కొన్ని నూనె పొర వదిలిపోతాయి.

తర్వాత మైకు ఆన్ చేసి ప్లాస్టిక్ పెన్నుతో ఒక్కో అతుకునీ మెల్లగా తట్టు. ఏది తడితే టపటపమంటుందో దాన్ని, మళ్లీ ఫాంటమ్ ఆపాక, సోల్డర్ చెయ్యి. అక్కడ పారదర్శకంగా వెండిరంగు చుట్టలా ఉండే కెపాసిటర్ ఉంటే సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనించకు, కరిగిపోతుంది. మైకు పై గొట్టం తీసి ఉండగా గుయ్యిమని హమ్ వస్తే కంగారుపడకు. ఆ గొట్టమే దానికి కవచం, మూసేస్తే పోతుంది.

ముందు ఆ కేబుల్ సంగతి తేల్చి సాయంత్రం ఫోన్ చెయ్యి. మల్టీమీటర్ లేకపోతే కొనకు, నా పాతది మీ నాన్నగారి దగ్గరే ఉంది.

ఉంటాను,
పెదనాన్న