సిస్టర్‌ని అడగండి: కాళ్లు ఆగట్లేదా, మనసు ఆగట్లేదా?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా మానసిక వార్డు గురించే ఉన్నాయి. అందుకని షుగరు, మోకాళ్ల నొప్పుల వాళ్లు వచ్చే నెల దాకా ఆగండి. నేను పద్దెనిమిదేళ్లు ఆ వార్డుల్లోనే డ్యూటీ చేశాను కాబట్టి ఇవి వదిలిపెట్టబుద్ధి కాలేదు.

ప్రశ్న: నేను జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదువుతున్నాను. వచ్చే నెల సైకియాట్రీ పోస్టింగ్. అక్కడ సెలైన్లు ఉండవు, డ్రెస్సింగులు ఉండవు, కూర్చుని పేషెంట్లతో కబుర్లు చెప్పడమే, అదీ ఒక పనేనా అని సీనియర్లు నవ్వుతున్నారు. నాకేమో ఎవరైనా మీదికొస్తారని భయం. – ఓ విద్యార్థిని, నల్గొండ

జవాబు: ముందు భయం సంగతి చూద్దాం తల్లీ, అది త్వరగా తేలిపోతుంది. ఆ వార్డులో ఎక్కువమంది ఎవరి జోలికీ రారు, తమ లోకంలో తాము ఉంటారు, కొందరికైతే మనల్ని చూస్తేనే దడ. మీదికొచ్చే వాళ్లు కూడా చాలాసార్లు ఉన్నట్టుండి రారు. గొంతు పెరుగుతుంది, అటూ ఇటూ తిరగడం పెరుగుతుంది, పిడికిళ్లు బిగుసుకుంటాయి, ఎవరో ఒకరి మీదే చూపు నిలిచిపోతుంది. నువ్వు బయటికి వెళ్లే దారికి పేషెంటు అడ్డం లేకుండా చూసుకుని నిలబడు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి పోకు, మెడలో ఐడీ కార్డు తాడు తీసి జేబులో పెట్టుకో. అవతల గొంతు పెరిగేకొద్దీ నీ గొంతు తగ్గించు. పక్కన ఇంకొకరు లేకుండా ఒంటరిగా పోకు. మిగతాది మీ మేడమ్ నేర్పిస్తారు.

ఇక కబుర్లు. నేను చేరిన మొదటి ఏడాది జరిగింది చెప్తాను. ఇరవై ఏళ్ల కుర్రాడు, హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బు మందు మొదలుపెట్టి నాలుగు రోజులైంది. ఆ రాత్రి అసలు మంచం మీద నిలవట్లేదు. వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి తిరగడం, కూర్చోవడం, వెంటనే లేవడం, నిలబడి ఒక కాలు మార్చి ఒక కాలు వేయడం. నేను కేస్ షీటులో 'ఆందోళన ఎక్కువగా ఉంది, నిద్ర లేదు' అని రాశాను. పొద్దున డాక్టరు గారు అది చదివి డోసు పెంచారు. మర్నాటి రాత్రి ఇంకా ఎక్కువ తిరిగాడు. నాతో డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్ కాసేపు చూసి, వాడి పక్కనే నడుస్తూ ఒక్క మాట అడిగింది: "కాళ్లు ఆగట్లేదా నాన్నా, మనసు ఆగట్లేదా?" వాడు టక్కున "కాళ్లే సిస్టర్, లోపల చీమలు పాకుతున్నట్టుంది" అన్నాడు. అది జబ్బు కాదు, మందు వల్ల వచ్చిన బాధ. అకతీసియా అంటారు. డోసు తగ్గించి, ఆ బాధ తగ్గడానికి ప్రొప్రానొలాల్ అనే మాత్ర ఇచ్చాక రెండో రోజుకి పడుకున్నాడు. నా రెండు ముక్కల రాత వల్ల ఒక పిల్లాడికి ఒక రాత్రి నరకమైంది. ఇప్పుడు మీ సీనియర్లని అడుగు, ఆ సిస్టర్ చేసింది కబుర్లేనా అని.

డాక్టరు గారు రౌండ్స్‌లో పేషెంటు దగ్గర ఉండేది పది నిమిషాలు. మిగతా రోజంతా చూసేది మనమే. ఎవరు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు, ఎవరు స్నానం మానేశారు, ఎవరు ఖాళీ గోడ వైపు చూసి తల ఊపుతున్నారు, ఎవరికి మూడు రోజులుగా విరేచనం కాలేదు (నవ్వకు, స్కిజోఫ్రెనియాకి ఇచ్చే క్లోజాపిన్ మందు వేసుకునే వాళ్లకి ఇది ప్రాణం మీదికి తెస్తుంది) అన్నది కేస్ షీటులోకి ఎక్కేది మన చేతి రాతలోనే. నర్సుకీ పేషెంటుకీ మధ్య ఏర్పడే సంబంధమే వైద్యంలో భాగమని హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు 1952లోనే పుస్తకం రాసింది. మీ సిలబస్‌లో ఉంటుంది, మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేస్తారు.

ఇంకొక్కటి, ఇది గట్టిగా గుర్తు పెట్టుకో. బాగా దిగులుతో వచ్చిన మనిషి వారం పది రోజులకి లేచి తల దువ్వుకుని, నాలుగు మాటలు మాట్లాడితే ఇంట్లో వాళ్లు హమ్మయ్య అనుకుంటారు. మనం అప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దిగులు పూర్తిగా పోకముందే ఒంట్లోకి ఓపిక వస్తుంది, చచ్చిపోవాలన్న ఆలోచన ఇంకా ఉంటే దాన్ని చేయడానికి శక్తి దొరికేది అప్పుడే. అనుమానం వస్తే నేరుగా అడుగు, "చనిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఒట్టి మాట. చాలామంది అడిగినందుకు ఏడ్చి, తర్వాత తేలికపడ్డారు.

ప్రశ్న: మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. అడ్మిట్ చేశాం. మాత్ర వేశాక అక్కడి సిస్టర్ "నోరు తెరువు, నాలుక పైకెత్తు" అంటుంది, దొంగని చూసినట్టు. అన్నంలో విషం కలిపారని వాడంటే "అలాంటిదేం లేదు" అని గట్టిగా చెప్పదు. మేమేమో రోజంతా వాడికి నచ్చజెప్పలేక చస్తున్నాం. – ఓ అక్క, కరీంనగర్

జవాబు: నోరు చూడటం అవమానంగా అనిపిస్తుందమ్మా, కాదనను. కానీ మాత్ర బుగ్గలో దాచి బాత్రూములో ఉమ్మేయడం మా వార్డుల్లో రోజూ ఉండేదే. ఒకసారి దుప్పట్లు మారుస్తుంటే ఒక పెద్దాయన దిండు కవరులో గుప్పెడు మాత్రలు దొరికాయి. అన్ని రోజులూ మందు పనిచేయట్లేదని డాక్టరు గారు తల పట్టుకున్నారు, మందేమో దిండులో నిద్రపోతోంది. మాత్రలు పోగేసి ఒకేసారి మింగే ప్రమాదం కూడా ఉంటుంది. అయితే అడిగే తీరు ముఖ్యం. నలుగురి ముందు పోలీసులా అడగక్కర్లేదు, మాత్ర వేసి గ్లాసెడు నీళ్లు తాగించి, రెండు మాటలు మాట్లాడిస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. ఆ సిస్టర్ కసురుతుంటే మెల్లగా చెప్పండి, తప్పులేదు.

విషం సంగతికొస్తే, ఆవిడ చేసిందే రైటు. మీ తమ్ముడికి అది అనుమానం కాదు, మీ ముందున్న పత్రిక మీకెంత నిజమో అది వాడికి అంత నిజం. వాదించారా, మీరూ విషం కలిపినవాళ్లతో కలిసిపోయారు అనుకుంటాడు. అలాగని "అవును రా, కలిపారు" అనకూడదు, ఆ నమ్మకానికి మనమే సాక్షి సంతకం పెట్టినట్టవుతుంది. "నాకు అలా కనిపించట్లేదు గానీ, నీకు చాలా భయంగా ఉందని తెలుస్తోంది, భయంతో తినడం కష్టమే" అనండి, అంతే. తర్వాత పని చూడండి. గిన్నెలోంచి వాడినే వడ్డించుకోనివ్వండి, లేదా తొక్క తీయని అరటిపండు, కోడిగుడ్డు పెంకుతో సహా ఇవ్వండి. మేం వార్డులో చేసేది ఇదే. వాడి ముందు మీరు చెవిలో గుసగుసలాడుకోవద్దు, నవ్వుకోవద్దు, పక్క గదిలో కూడా.

ప్రశ్న: మా నాన్న ముప్పై ఏళ్లుగా కల్లు తాగేవాడు. ఒక్కసారి మానేసేసరికి వణుకు, నిద్ర లేదు, గోడ మీద పాములు అన్నాడు. దవాఖానలో చేర్పిస్తే రాత్రి చేతులు మంచానికి కట్టేశారు, పొద్దున వచ్చి చూసేదాకా మాకు చెప్పలేదు. అడిగితే "స్టాఫ్ లేరు, ఏం చేయమంటారు" అన్నారు. ఇది కరెక్టేనా? – నిజామాబాద్ జిల్లా నుంచి ఒక కొడుకు

జవాబు: కరెక్టు కాదు తమ్ముడూ. ఆ జవాబు మరీ తప్పు.

ముందు నాన్నకి ఏమైందో అర్థం చేసుకోండి. మన దగ్గర చాలాచోట్ల అమ్మేది చెట్టు కల్లు కాదు, మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్తీ కల్లు. ఏళ్ల తరబడి వాటికి అలవాటైన మెదడుకి అవి ఒక్కసారిగా అందకపోతే వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలవుతాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దొరక్కపోయేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటి వాళ్లు బారులు తీరారు, గుర్తుండే ఉంటుంది. కాబట్టి పిచ్చెక్కిందని ఊళ్లో ఎవరన్నా అంటే పట్టించుకోకండి. అలాగే, ఈ అలవాటున్న వాళ్లని ఇంట్లో గదిలో పెట్టి మాన్పించే ప్రయత్నం ఎవరూ చేయకండి. దవాఖానలో అయితే డాక్టర్లు మాత్రలు ఇచ్చి, వాటి డోసు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

కట్టేయడం గురించి 2017 మానసిక ఆరోగ్య చట్టం స్పష్టంగా చెప్తుంది. గొలుసులు వేయడం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. మెత్తటి బట్టతోనైనా సరే, ఆ మనిషికో పక్కవాళ్లకో అప్పటికప్పుడు ప్రమాదం ఉండి, ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలి. సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, ఎందుకు కట్టారో, ఎంతసేపో రికార్డులో రాయాలి, ప్రమాదం తగ్గగానే విప్పాలి. పేషెంటు తరఫున నామినేట్ అయిన వ్యక్తికి 24 గంటల్లోపు తెలియజేయాలి. శిక్షగా కట్టకూడదు, స్టాఫ్ తక్కువగా ఉన్నారన్న కారణంతో అసలే కట్టకూడదు, ఇది చట్టంలో విడిగా రాసి ఉంది. నాన్న కేస్ షీటులో ఈ వివరాలు ఉన్నాయా అని అడగండి. జవాబు రాకపోతే ఆస్పత్రి ఇన్‌ఛార్జి డాక్టరుకి రాసివ్వండి, అక్కడా కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ఆ చట్టం కిందే ఉన్న మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి వెళ్లవచ్చు.

కట్టాల్సి వచ్చినా నర్సు పని అక్కడితో అయిపోదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. మేం పావుగంటకోసారి వెళ్లి వేళ్లు నీలంగా మారాయా, చల్లబడ్డాయా, ముడి కింద మన వేలు దూరుతోందా చూస్తాం, నీళ్లు తాగిస్తాం, మూత్రానికి పాన్ పెడతాం, ఒక్కో చెయ్యి విప్పి కదిలిస్తాం. నిజానికి మీ నాన్నలాంటి వాళ్లకి కట్టు కంటే లైటు ఎక్కువ పనిచేస్తుంది. చీకట్లో వైరు కూడా పామవుతుంది. లైటు వేసి ఉంచి, తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టి, "ఇది దవాఖాన, ఇప్పుడు రాత్రి రెండైంది, నేను సిస్టర్‌ని" అని పది సార్లు చెప్తే పదకొండోసారికి చెయ్యి వదులవుతుంది. నలభై మందికి ఇద్దరం ఉన్న రాత్రులు నేనూ చూశాను, ఆ సిస్టర్ కష్టం నాకు తెలుసు. అయినా మీ నాన్న చేతులు దానికి బదులు కాకూడదు.

ప్రశ్న: మా ఆయనకి బైపోలార్, కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు దిగులు. లిథియం మాత్రలు రాసి డిశ్చార్జి చేశారు. మా ఊళ్లో ఎండలు మీకు తెలుసుగా, ఏం జాగ్రత్తలు? – ఓ గృహిణి, రామగుండం

జవాబు: నీళ్లు బాగా తాగించండి, ఉప్పు ఉన్నట్టుండి తగ్గించకండి. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, గ్లాసు పట్టుకోలేనంత చేతులు వణికినా, తాగినవాడిలా తూలినా, మాట ముద్దగా వచ్చినా తర్వాతి మాత్ర వేయకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒంటినొప్పులకి మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొని వేసుకోవద్దు, అవి కూడా లిథియంని పెంచుతాయి. రక్తపరీక్ష చెప్పిన తేదీకి చేయించండి, అది పొద్దున మాత్ర వేసుకోకముందు, రాత్రి మాత్రకి పన్నెండు గంటల తర్వాత ఇవ్వాలి. అర్ధరాత్రి ఎవరినైనా అడగాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడతారు. పైన చెప్పిన లక్షణాలుంటే మాత్రం ఫోన్ కాదు, ఆస్పత్రికే.

ప్రశ్న: మా అమ్మాయి స్టాఫ్ నర్సు. మానసిక వార్డులో వేశారు. పెళ్లి సంబంధాల వాళ్లు "పిచ్చాసుపత్రా?" అంటున్నారు. వేరే వార్డుకి మార్పించుకోమని చెప్పాలా? – ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మాయిని అడిగారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. తనకి ఇష్టం లేకపోతే మార్పించుకోవచ్చు. ఇష్టమైతే, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది సైకియాట్రిక్ నర్సింగ్‌లో, చేయించండి. సంబంధాల వాళ్లకి ఏం చెప్పాలో మాత్రం నన్నడక్కండి, మా అత్తగారికి నేను జనరల్ వార్డు అని చెప్పి రెండేళ్లు నెట్టుకొచ్చాను.