మెకానికల్ బ్రాంచిలో అమ్మాయిలు కొద్దిమందే ఉంటే డిపార్ట్‌మెంట్ ఏం చేయాలి?

విజయనగరం వైపు కాలేజీల్లో మొదట సరిచేయాల్సింది ల్యాబ్ బ్యాచ్‌లు. రోల్ నంబర్ల వరసలో వేస్తే బ్యాచ్‌కి ఒక్క అమ్మాయి పడుతుంది. అబ్బాయిలు లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) నడుపుతారు, ఆమె రీడింగులు రాసి రికార్డు నింపుతుంది. వైవా నాటికి మెషిన్ మీద చేయి పడనిది ఆమెదే. అందుకే కనీసం ఇద్దరు అమ్మాయిలను ఒకే బ్యాచ్‌లో వేయండి. నడిపేది, కొలిచేది, రాసేది ఎవరో ప్రతి ప్రయోగానికీ మార్చి, పేర్లు ముందే షీట్‌లో రాయండి. చున్నీ, వదులు జడ లేత్‌లో ముక్కను పట్టుకుని తిరిగే చక్‌లో చిక్కుకుంటాయి, నిజమే. దానికి కోటు వేయించి జడ ముడి వేయించాలి గానీ ఆమెను పక్కన నిలబెట్టకూడదు.

బొబ్బిలి, రాజాం బస్సులు ఎక్కేవాళ్లకు సాయంత్రం ల్యాబ్ వేయకండి.

సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అమ్మాయిలకు ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. దరఖాస్తు మొదటి ఏడాదిలోనే, లేటరల్ ఎంట్రీ (డిప్లొమా తర్వాత నేరుగా రెండో ఏడాదిలో చేరడం) అయితే రెండో ఏడాదిలో. ఆదాయ ధ్రువపత్రం అడ్మిషన్ రోజే అడిగితే గడువు దాటిపోదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదుకు 2013 చట్టం ఇచ్చిన గడువు ఘటన జరిగిన నాటి నుంచి 3 నెలలు. ఆ ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అమ్మాయిల వెయిటింగ్ రూమ్‌లోనూ అంటించండి. హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గది బయట మాత్రమే ఉంటే అక్కడ నిలబడి రాసుకునే ధైర్యం ఎవరూ చేయరు.