ఏడవడం కంటే మొయ్యడం ముఖ్యం

అమ్మాయీ,

పోయినవాళ్ల కోసం మీరు పాటా డ్యాన్సూ కలిపి చేస్తున్న ప్రదర్శన రిహార్సల్ వీడియో పంపావుగా, చూశాను. పిల్లలంతా ప్రాణం పెట్టి చేస్తున్నారు, కానీ అందరూ ఒకేసారి ఏడుస్తున్నారు, చిక్కంతా అక్కడే. స్టేజీ మీద అంతమంది గుండెలు బాదుకుంటుంటే చూసేవాళ్లకి ఏడవడానికి చోటేం మిగిలింది చెప్పు?

ముందు గొంతు సంగతి. ఏడుపు ముంచుకొస్తే గొంతు పూడుకుపోతుంది, పై స్వరాలు పలకవు. అందుకే కింది శ్రుతిలోనే మొదలుపెట్టండి, మాటలొద్దు, ఒక్క ‘ఆ’ చాలు. పక్కవాళ్లు ఊపిరి తీసుకుంటున్నప్పుడు నువ్వు తీసుకోకూడదు, రూలు ఇదొక్కటే. అప్పుడు ఆ నాదం ఎంతసేపైనా తెగదు. మధ్యలో ఎవరి గొంతైనా జీరబోయినా, ఆగిపోయినా మిగతావాళ్లు మోస్తుంటారు, ఆ మనిషి తేరుకుని మళ్లీ వచ్చి కలుస్తుంది. పదిమందీ కలిసి దుఃఖపడటమంటే నా లెక్కలో ఇదే, దీనికి వేరే అభినయం అక్కర్లేదు. ఐర్లాండులో వెనకటి రోజుల్లో శవం దగ్గర శోకాలు పెట్టే ఆడవాళ్లదీ ఇంచుమించు ఇదే పద్ధతి, ఒకామె పోయినవాళ్ల గురించి చెప్తూ పాడితే మిగతావాళ్లు ఏడుపు అందుకునేవాళ్లు. ఇంకోటి, స్వరం కిందికి జారాక ఊపిరి లోపలికి పీల్చే చప్పుడు వినబడాలి. దాన్ని తుడిచెయ్యొద్దని సౌండ్ చూసే అబ్బాయికి ముందే చెప్పు.

ఇక డ్యాన్స్. రెండో భాగంలో ఆ పరుగులన్నీ తీసెయ్. అమెరికన్ డ్యాన్సర్ మార్తా గ్రాహం 1930లో చేసిన ‘లామెంటేషన్’ (అంటే శోకం) వీలైతే చూడు, సాగే గుడ్డ గొట్టంలో ఒళ్లంతా దూర్చుకుని దాదాపు బెంచీ మీద కూర్చునే చేసింది. లోపల్నుంచి మోచేతులూ మోకాళ్లూ నెడుతుంటే గుడ్డ బిగుసుకునే తీరులోనే ఉంది బాధంతా, మొహం చిట్లించాల్సిన పనే లేదు.

మీ దాంట్లో ఒకళ్లు ఒళ్లు వదిలేస్తే ఇద్దరు పట్టుకునే చోటుందే, అది బంగారం, దాన్ని సాగదియ్యి. కానీ నిజంగా బరువు వదలాలి, నటిస్తే ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకీ తెలిసిపోతుంది. చంకల కింద చేతులేసి, మోకాళ్లు వంచి దించడం ముందు నేర్పు, లేకపోతే నడుములు పట్టేస్తాయి.

ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు మీలో ఉంటే వాళ్లని విడిగా పిలిచి అడుగు, చెయ్యలేమంటే బతిమాలొద్దు. మొత్తం ప్రదర్శన రోజూ చేయించకు, భాగాలుగా చెయ్యండి, అయ్యాక కాసేపు ఊరికే పిచ్చాపాటీ మాట్లాడుకుని ఇళ్లకి వెళ్లండి. పోయినవాళ్ల పేర్లు పలకాలనుకుంటే వాళ్ల ఇంట్లోవాళ్లని అడక్కుండా వద్దు, ఈ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను.

చప్పట్లకి చివర్లో వరసగా నిలబడాలా అని అడిగావు. వద్దు. లైట్లు మెల్లగా వేయించి తలుపులు తీయించు, వెళ్లేవాళ్లు వెళ్తారు. కూర్చుండిపోయినవాళ్లని కుర్చీలు సర్దే వంకతో లేపొద్దని హాలువాళ్లకి చెప్పి, ఇంకో అరగంట అద్దె ముందే కట్టెయ్.