టెక్ సందేహాలు: రైఫిల్ మారింది, రికార్డు మార్చాలా?

ఫోన్ వేడెక్కుతోంది, లాప్‌టాప్ మొరాయిస్తోంది అనే మెయిళ్ల మధ్య ఈమధ్య అమెరికాలోని పాఠకుల నుంచి వేరే రకం ప్రశ్నలు వస్తున్నాయి. 2026 జనవరి 1 నుంచి పొట్టి బ్యారెల్ రైఫిళ్లు, సైలెన్సర్ల మీద ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది. అప్పటి నుంచి తుపాకీల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వారి ఈఫామ్స్ సైట్‌లోకి చాలామంది మొదటిసారి అడుగుపెడుతున్నారు. సైట్ సంగతి అడుగుతూ చట్టం సంగతీ అడుగుతున్నారు. ఇక్కడ రెండూ విడదీయలేం కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వారికే.

విడిభాగాలు కొని ఏఆర్‌-15 నేనే బిగించుకున్నాను. 16 అంగుళాల బ్యారెల్ తీసి 18 అంగుళాలది వేశాను. త్వరలో 10.5 అంగుళాల బ్యారెల్ కూడా కొంటాను. ఈ మార్పులన్నీ రిజిస్ట్రేషన్‌లో ఎలా అప్‌డేట్ చేయాలి? సైట్‌లో ఎడిట్ బటన్ కనిపించడం లేదు. (టెక్సస్)

బటన్ లేకపోవడానికి కారణం, ఎడిట్ చేయడానికి మీ పేరిట అక్కడ రికార్డే లేదు. అమెరికాలో మామూలు రైఫిళ్లకు ఫెడరల్ రిజిస్ట్రీ అనేది లేదు. అలాంటిది పెట్టకూడదని 1986 చట్టంలోనే రాశారు. లోయర్ రిసీవర్ (రైఫిల్ కింది భాగం) కొన్నప్పుడు మీరు నింపిన 4473 అనే కొనుగోలు ఫారం ఆ డీలర్ దగ్గరే ఉంటుంది. టెక్సస్ రాష్ట్రం కూడా రైఫిళ్లను నమోదు చేయదు. కాబట్టి 16 పోయి 18 వచ్చినా మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు.

10.5 అంగుళాల సంగతి పూర్తిగా వేరు. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా అది 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ (ఎన్‌ఎఫ్‌ఏ) కిందికి వస్తుంది. అలాంటి రైఫిల్‌నే అందరూ ఎస్‌బీఆర్ (షార్ట్ బ్యారెల్ రైఫిల్) అంటున్నారు. దీనికి కావలసింది అప్‌డేట్ కాదు, కొత్త రిజిస్ట్రేషన్. అదీ బిగించాక చేసేది కాదు. ఫామ్ 1 (తయారీకి అనుమతి కోరే దరఖాస్తు) పెట్టి, అనుమతి వచ్చాకే బ్యారెల్ మీద చెయ్యి వేయాలి. ముందు బిగించేసి తర్వాత కాగితం పెడితే ఆ కాగితమే మీ మీద సాక్ష్యం. నమోదు కాని ఎస్‌బీఆర్ దగ్గర ఉంటే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పన్ను సున్నా అయింది గానీ ఫామ్, వేలిముద్రలు, ఫొటో, అనుమతి, శిక్ష ఏవీ పోలేదు. 'ఇప్పుడు ఫ్రీ అంట కదా' అని రాసిన ఇద్దరు ముగ్గురికి కూడా ఇదే జవాబు.

ఇంకో మాట. 'కొంటాను' అన్నారు, అనుమతి వచ్చేదాకా కొనకండి. ఇంట్లో ఒక్క ఏఆర్‌-15 రైఫిలే ఉండి, పక్కన 10.5 అంగుళాల అప్పర్ (బ్యారెల్‌తో కలిసిన పై భాగం) ఉంటే, దాన్ని చట్టబద్ధంగా బిగించడానికి మీ దగ్గర ఇంకేమీ లేదన్నమాట. విడిభాగాలు విడివిడిగా ఉన్నా కలిపి ఉన్నట్టే లెక్కగట్టే వాదన అక్కడే మొదలవుతుంది. చట్టబద్ధమైన వాడకం కూడా ఉన్న భాగాల విషయంలో 1992లో థాంప్సన్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు తయారీ కంపెనీ వైపే నిలిచింది. మీ పరిస్థితి దానికి పూర్తిగా తిరగబడింది.

ఇక ఫామ్ నింపడం. ఎక్కువమంది తప్పు చేసేది 'మాన్యుఫాక్చరర్' గడిలో. బిగించింది నేనే కదా అని సొంత పేరు రాస్తారు. ఫ్యాక్టరీలో తయారైన రిసీవర్ అయితే దాని మీద చెక్కి ఉన్న కంపెనీ పేరే రాయాలి. సీరియల్ నంబరూ దాని మీదున్నదే. ఒకే కంపెనీ పేరు జాబితాలో రెండు మూడు ఊళ్లతో కనిపిస్తుంది. రిసీవర్ మీద ఏ ఊరు, ఏ రాష్ట్రం ఉన్నాయో చూసి దాన్నే ఎంచుకోండి. బ్యారెల్ పొడవు, మొత్తం పొడవు మాత్రం ఇప్పుడున్నవి కాదు, మార్చాక ఉండబోయేవి. వేలిముద్రలకు రెండు దారులున్నాయి. ఈఎఫ్‌టీ ఫైలు (వేలిముద్రల డిజిటల్ ఫైలు) ఉంటే సైట్‌లోనే ఎక్కించవచ్చు. లేదంటే కార్డుల మీద ముద్రలు తీసి, సైట్ ఇచ్చే కవర్ లెటర్‌తో 10 పనిదినాల్లోగా పోస్టులో పంపాలి. ఈఎఫ్‌టీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూసి సేవ్ కొట్టకండి. అది టెక్స్ట్ ఫైలు కాదు, పాడైపోతుంది. ఫామ్ కాపీ ఒకటి స్థానిక పోలీసు ఉన్నతాధికారికి పంపడం కూడా మర్చిపోవద్దు. ఆయన అనుమతి అక్కర్లేదు, తెలియజేస్తే చాలు. ట్రస్టు పేరిట పెడుతుంటే అందులోని బాధ్యులందరి ఫొటోలు, వేలిముద్రలు కావాలి.

అనుమతి వచ్చాక, బిగించే ముందు చెక్కింపు. మీ పేరు (ట్రస్టు అయితే ట్రస్టు పేరు), ఊరు, రాష్ట్రం కనీసం 0.003 అంగుళాల లోతున చెక్కించాలి. రంగు వేయించే ఆలోచన ఉంటే చెక్కేవారికి ముందే చెప్పండి. రంగు పొరకు లోనున్న లోహంలో ఆ లోతు ఉండాలి.

నా ఎస్‌బీఆర్‌కు మూడేళ్ల క్రితమే అనుమతి వచ్చింది. 5.56 క్యాలిబర్, 10.5 అంగుళాలు అని ఉంది. ఇప్పుడు 300 బ్లాకౌట్ క్యాలిబర్ అప్పర్ కొన్నాను. మళ్లీ ఫామ్ 1 పెట్టాలా? (జార్జియా)

అక్కర్లేదు. ఏఆర్‌-15లో చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబరు ఉన్న లోయర్ రిసీవరే. ఫోన్ స్క్రీన్, బ్యాటరీ మార్చినా ఐఎంఈఐ నంబరు మారదు కదా, ఇదీ అంతే. వారాంతానికి ఒక అప్పర్, మామూలు రోజుల్లో ఇంకో అప్పర్ వేసుకుంటానంటే, పాత అప్పర్ మీ దగ్గరే ఉండి ఎప్పుడంటే అప్పుడు మళ్లీ బిగించగలిగితే అది తాత్కాలిక మార్పు. ఎవరికీ చెప్పే పని లేదు.

పాతది అమ్మేసి ఇకపై 300 బ్లాకౌటే అంటే మాత్రం శాశ్వత మార్పు. అప్పుడు ఏటీఎఫ్‌లోని ఎన్‌ఎఫ్‌ఏ డివిజన్‌కు ఉత్తరం రాయండి. సీరియల్ నంబరు, పాత క్యాలిబర్, కొత్త క్యాలిబర్, కొత్త పొడవులు, అనుమతి వచ్చిన ఫామ్ కాపీ ఉంటే సరిపోతుంది. దీనికి ఈఫామ్స్‌లో ప్రత్యేకంగా గడి లేదు కాబట్టి వెతుక్కుంటూ కూర్చోకండి.

ఇదే ప్రశ్నను తిరగేసి ఇంకొకరు అడిగారు: ఎస్‌బీఆర్‌ను మళ్లీ 16 అంగుళాలకు మార్చి అమ్మవచ్చా? మార్చి, పొట్టి అప్పర్‌ను వదిలించుకుంటే అది మామూలు రైఫిలే. అమ్మే ముందు రిజిస్ట్రీలోంచి తీసేయమని ఎన్‌ఎఫ్‌ఏ డివిజన్‌కు రాసి, జవాబు చేతికొచ్చాక అమ్మండి. లేదంటే తుపాకీ ఇంకొకరి ఇంట్లో, రికార్డు మీ పేరిట ఉండిపోతాయి.

14.5 అంగుళాల బ్యారెల్‌కు ఫ్లాష్ హైడర్ (మూతి దగ్గర మంట మెరుపును తగ్గించే భాగం) తగిలిస్తే 16 దాటుతోంది. ఇది ఎస్‌బీఆరా, కాదా? టేపు పెట్టి కొలిస్తే ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తోంది. (నార్త్ కరోలినా)

బయట నుంచి టేపు పెట్టి కొలిస్తే లెక్క కుదరదు, ఎందుకంటే బ్యారెల్ వెనక భాగం రిసీవర్ లోపల ఉంటుంది. ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. బోల్ట్ మూయండి. సన్నటి చెక్క కడ్డీని మూతి వైపు నుంచి లోపలికి దింపండి. బోల్ట్ ముఖానికి తగిలి ఆగుతుంది. బ్యారెల్ చివర కడ్డీ మీద పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి కొలవండి. అదే చట్టం లెక్కలో బ్యారెల్ పొడవు.

ఆ గీత ఎక్కడ పెట్టాలన్నదే మీ ప్రశ్నకు జవాబు. ఫ్లాష్ హైడర్ మరతో బిగించి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోరు, తీసేసి కొలవాలి. మీది 14.5, అంటే ఎస్‌బీఆర్. శాశ్వతంగా అతికిస్తే మాత్రం అదీ బ్యారెల్‌లో భాగమే. శాశ్వతమంటే చుట్టూ వెల్డింగ్, లేదా 1,100 డిగ్రీల ఫారన్‌హీట్ పైన కరిగే వెండి టంకం, లేదా పిన్ను దించి దాని తల మీద వెల్డింగ్. స్క్రూ జిగురు ఎంత గట్టిదైనా పనికిరాదు. ఈ పని తుపాకీ మెకానిక్‌తోనే చేయించండి, సరిగ్గా 16 దగ్గర ఆపకుండా కాస్త ఎక్కువే ఉండేలా చూడమనండి. రసీదులో ఏ పద్ధతిలో చేశారో రాయించుకోండి. మొత్తం పొడవు కొలిచేటప్పుడు మడత స్టాక్‌ను పూర్తిగా తెరిచి, బ్యారెల్‌కు సమాంతరంగా కొలవాలి.

అనుమతి వచ్చాక చూసుకుంటే సీరియల్ నంబరులో సున్నా బదులు 'ఓ' అక్షరం పడింది. ఏం చేయాలి? (ఒహాయో)

నంబరు మీద మాత్రం చెయ్యి వేయకండి. ఫామ్‌కు సరిపోయేలా రిసీవర్‌ను దిద్దుదామనుకున్నారో, సీరియల్ నంబరు చెరిపిన నేరం విడిగా మెడకు చుట్టుకుంటుంది. దిద్దాల్సింది రికార్డు. నంబరు స్పష్టంగా కనిపించే ఫొటో, ఫామ్ కాపీ జతచేసి దిద్దమని ఎన్‌ఎఫ్‌ఏ డివిజన్‌కు రాయండి. ఇంకా బిగించకపోతే దిద్దిన కాపీ వచ్చేదాకా ఆగండి. నా సలహా ఒకటే: ఫామ్ పంపే ముందు రిసీవర్‌ను ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, ఒక్కో అక్షరం పెద్దది చేసి చూస్తూ టైప్ చేయండి. జ్ఞాపకం మీద, డబ్బా మీది స్టిక్కర్ మీద ఆధారపడకండి.

ఉద్యోగం మారి డాలస్ నుంచి శాన్ హోసే వెళ్తున్నాం. అనుమతి ఉన్న ఎస్‌బీఆర్‌ను తీసుకెళ్లాలంటే అడ్రస్ అప్‌డేట్ చేస్తే చాలా?

చాలదు. టెక్సస్ లోపలే ఇల్లు మారితే ఏటీఎఫ్‌కు కొత్త అడ్రస్ తెలియజేస్తే సరిపోయేది. రాష్ట్రం దాటాలంటే 5320.20 అనే ఫారం పెట్టి, బయల్దేరే ముందే అనుమతి తీసుకోవాలి. నాలుగు రోజుల షూటింగ్ పోటీకి పక్క రాష్ట్రం వెళ్లినా ఇదే పద్ధతి. సైలెన్సర్‌కు మాత్రం ఈ ఫారం అవసరం లేదు.

పైగా మీరు వెళ్లేది కాలిఫోర్నియా. అక్కడ మామూలు పౌరుడికి ఎస్‌బీఆర్ నిషేధం. న్యూయార్క్, న్యూజెర్సీలోనూ అంతే. ఫెడరల్ అనుమతి కాగితం ఆ నిషేధాన్ని దాటించలేదు. బయల్దేరే ముందే 16 అంగుళాలకు మార్చి రిజిస్ట్రీలోంచి తీయించడమో, టెక్సస్‌లోనే చట్టప్రకారం అమ్మేయడమో చేయండి. 16 అంగుళాలకు మార్చినా మామూలు ఏఆర్‌-15 రూపం అక్కడి అసాల్ట్ వెపన్ చట్టానికి తగులుతుంది. పిస్టల్ గ్రిప్, పొడవు మార్చగల స్టాక్ లాంటివి ఉండకూడదు. చట్టానికి సరిపడే తుపాకీలు తీసుకెళ్తే చేరిన 60 రోజుల్లో రాష్ట్ర న్యాయశాఖకు తెలపాలి. 2014 నుంచి పొడవు తుపాకీల కొనుగోళ్లు కూడా ఆ రాష్ట్రం రికార్డులోకి ఎక్కుతున్నాయి. సొంతంగా తయారు చేసుకోవాలంటే పని మొదలుపెట్టకముందే వారి దగ్గర సీరియల్ నంబరు తీసుకోవాలి. టెక్సస్ అలవాట్లు టెక్సస్‌లోనే వదిలేసి వెళ్లండి.

నేను హెచ్‌-1బీ మీద ఉన్నాను. మా ఆవిడకు గ్రీన్‌కార్డు ఉంది. రైఫిల్ తన పేరిట ఉంది. ఫామ్ 1 కూడా తన పేరిటే పెడితే ఇద్దరం వాడుకోవచ్చా? (వర్జీనియా)

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నన్ను బాగా కంగారు పెట్టింది ఇదే. హెచ్‌-1బీ, ఎల్‌-1, ఎఫ్‌-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదన్నది ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అందులో మనవాళ్లకు వర్తించగలది, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది లేకపోతే మీరు దాన్ని చేత్తో పట్టుకున్నా ఇబ్బందే. కలిగి ఉండటం అంటే పేరు మీద ఉండటం మాత్రమే కాదు, అందుబాటులో ఉండటం కూడా. సేఫ్ తాళం కోడ్ మీకు తెలిస్తే అది మీ అధీనంలో ఉందని వాదించవచ్చు.

గ్రీన్‌కార్డు ఉన్న మీ ఆవిడ ఫామ్ 1 పెట్టుకోవచ్చు. పౌరసత్వం, ఏలియన్ నంబరు అడిగే గడులు జాగ్రత్తగా నింపమనండి. సేఫ్ కోడ్, తాళం ఆవిడ దగ్గరే ఉండాలి. వేలిముద్రతో తెరుచుకునే సేఫ్ అయితే మీ ముద్ర అందులో నమోదై ఉందేమో ఈరోజే చూసి తొలగించండి. ట్రస్టు పెట్టి అందులో మీ పేరు చేర్చే ఆలోచన ఉంటే మానుకోండి. తుపాకీ నేరం రుజువైతే జైలుతో ఆగదు, దేశం నుంచి పంపించే కారణాల్లో అదీ ఒకటి. వేట లైసెన్సు ఉంది కదా అని ముందుకు వెళ్లే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి.

అనుమతి పీడీఎఫ్ ఫోన్‌లో ఉంటే చాలా? (అరిజోనా)

ఫోన్‌లో ఉంచుకోండి, క్లౌడ్‌లో ఒక కాపీ పెట్టండి, ప్రింటు కూడా తీసి తుపాకీ సంచిలో పెట్టండి. ఎన్‌ఎఫ్‌ఏ రిజిస్ట్రీ వివరాలు పన్ను రికార్డులతో సమానమైన గోప్యత ఉన్నవి. లైసెన్సు ప్లేటు నంబరులా స్థానిక పోలీసు తన కంప్యూటర్‌లో కొట్టి చూసుకోలేడు. రిజిస్ట్రేషన్ రుజువు చూపించాల్సింది మీరే. ఈఫామ్స్ పాస్‌వర్డ్ మర్చిపోయి, ఆ అకౌంట్ పాత ఆఫీసు మెయిల్ మీద ఉందని ఇద్దరు రాశారు. ఉద్యోగం మారే ముందే లోపలికి వెళ్లి సొంత మెయిల్‌కు మార్చుకుని, పీడీఎఫ్‌లన్నీ దించుకోండి.