పంపు మార్చినా ఆగని జర్కులు: కట్టిన బిల్లు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నా పెట్రోలు కారు పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ స్టార్టవదు. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేక జర్కులిస్తోంది. వర్క్‌షాప్‌లో మొదట ఫ్యూయల్ పంపు, పది రోజులకు ఇంజెక్టర్లు మార్చారు. రెండుసార్లూ పూర్తి బిల్లు కట్టాను, జర్కులు మాత్రం పోలేదు. వేరే మెకానిక్ చూసి, పంపు వైరింగ్ కనెక్టర్ కాలి కరెంటు సరిగా అందడం లేదంటున్నారు. మొదటివాళ్లేమో 'పార్టులు వేశాం, అంతే' అంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కానీ ఆ కాలిన కనెక్టర్‌ను అప్పుడే మార్పించకండి. మీ కేసుకు అదే ప్రాణం. చాలామంది బండి బాగయ్యాక లాయరు దగ్గరికి వస్తారు. అప్పటికి చేతిలో బిల్లులు తప్ప ఏమీ మిగలవు.

డబ్బు తీసుకుని చేసే మరమ్మతు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 'సేవ'. పని నాణ్యతలో, చేసిన తీరులో కొరత ఉంటే సెక్షన్ 2(11) కింద సేవాలోపం. అయితే బండి బాగవకపోవడం ఒక్కటే సేవాలోపమైపోదు. పద్ధతిగా వెతికినా ఒక్కోసారి లోపం దొరకదు. మీరు రుజువు చేయాల్సింది వాళ్లు ఇంధన ఒత్తిడి, వోల్టేజి కొలవకుండానే పార్టులు మార్చారని.

ఆ కొలత పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ (గాలి లోపలికి వెళ్లే దారిలో పెట్రోలు చిమ్మే) పెట్రోలు ఇంజన్లలో ఇంధన ఒత్తిడి సాధారణంగా 3, 4 బార్ల దగ్గర ఉంటుంది. మీ బండికి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. ఫ్యూయల్ రైలుకు (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టానికి) ఒత్తిడి కొలిచే గేజి తగిలించి తాళం ఆన్ చేస్తే పంపు రెండు మూడు సెకన్లు తిరుగుతుంది, ముల్లు లేస్తుంది. ఆపాక గబగబా పడిపోతే పంపులోని చెక్‌వాల్వునో (పెట్రోలు వెనక్కి జారకుండా ఆపేది), కారుతున్న ఇంజెక్టర్‌నో, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌నో అనుమానించాలి. ఐడిల్‌లో నిలకడగా ఉండి, లోడు పడగానే ముల్లు జారితే ఫిల్టరు, పంపు, పంపుకు అందే వోల్టేజి చూడాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి, పంపు దగ్గర 9 మాత్రమే అందుతుంటే ఎంత కొత్త పంపు వేసినా అదే నీరసం.

ఇక్కడే ఒక జాగ్రత్త. ప్లగ్ ఊడదీసి కొలిస్తే కాలిన కనెక్టర్ కూడా పూర్తి వోల్టేజి చూపించగలదు. ప్లగ్ తగిలించి, పంపు తిరుగుతుండగానే కొలవాలి. మీ మెకానిక్ అలాగే కొలిచారా? అడగండి. అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

రీడింగులన్నీ తేదీ, కారు నంబరు, తిరిగిన కిలోమీటర్లతో సహా రాయించి సంతకం తీసుకోండి. నంబరు ప్లేటు నుంచి గేజి దాకా ఒకే షాట్‌లో వీడియో తీయండి. గేజి మీరే బిగించే ప్రయత్నం మాత్రం వద్దు. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు చిమ్మితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

తర్వాత వర్క్‌షాప్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. జాబ్‌కార్డులు (బండికి చేసిన పని రాసే కాగితాలు), పరీక్షల రీడింగులు, పాత పార్టులు ఇమ్మని అడగండి. ఫలానా తేదీలోగా వచ్చి కనెక్టర్ చూసుకోవచ్చని, లేదంటే మార్పిస్తానని రాయండి. రాకపోతే మార్పించి, కాలిన ముక్కను భద్రపరచండి. బండి మాత్రం మళ్లీ వాళ్లకు అప్పగించకండి. చేసిన పనికి డబ్బు ముట్టేదాకా బండి ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 వాళ్లకిస్తుంది.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే (కన్స్యూమర్ కోర్టు అంటే ఇదే) వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల మీదే సాగుతుంది కాబట్టి మెకానిక్ అఫిడవిట్ తప్పనిసరిగా జతచేయండి.

ఇంజెక్టర్ల బిల్లు మీద మీ వాదన గట్టిది. పంపు మార్చినా జర్కులు పోలేదని తెలిసీ, కొలవకుండా మళ్లీ పార్టులు వేశారు. పంపు బిల్లు మాత్రం మొత్తంగా వస్తుందని ఆశ పెట్టలేను. అరిగిన పాత పంపు ఎక్కువ కరెంటు లాగడం వల్లే కనెక్టర్ కాలిందని వాళ్లు వాదించవచ్చు, అది సాంకేతికంగా జరిగే పనే. ఆ మాట నిలబడాలంటే పాత పంపు వాళ్ల దగ్గర ఉండాలి, దాన్ని పరీక్షించిన కాగితమూ ఉండాలి. అందుకే నోటీసులో పాత పంపును పేరుపెట్టి అడగండి.