కరోనా రోజుల్లో చెవి గురించి అంత వెతికారంటే చెవి జబ్బులు పెరిగినట్టేనా?

బరంపురం వైపు నుంచి ఒకరు అడిగారు: 2020, 2021ల్లో "చెవి నొప్పి", "చెవిలో గుయ్" అని గూగుల్‌లో వెతకడం పెరిగితే, కరోనా చెవిని దెబ్బతీసిందనేగా అర్థం?

కాదండీ. కరోనా వచ్చినవాళ్లలో ఉన్నట్టుండి వినికిడి పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, అది వేరే మాట. ఏ మాటను ఎప్పుడు ఎంత వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్ గీత మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అందులో 100 అంటే వందమంది కాదు. మొత్తం వెతుకులాటల్లో ఆ మాట వాటా ఎప్పుడు అన్నిటికంటే ఎక్కువుందో ఆ వారానికి 100 ఇచ్చి, మిగతా వారాలను దాంతో కొలుస్తారు. లాక్‌డౌన్‌లో బస్సు టికెట్లు, లాడ్జీలు వెతికేవాళ్లు తగ్గితే, చెవి గురించి అడిగేవాళ్లు పెరగకపోయినా గీత పైకి లేస్తుంది.

పైగా మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్లలో నొప్పి ఒకటే, రాతలు మూడు. పర్లాకిమిడిలో తెలుగింట్లోనే ఒకరు తెలుగు లిపిలో, ఒకరు అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, బడికెళ్లే పిల్ల ఒడియాలో "కాన బింధా" అని కొడతారు. ఒడిశాను ఎంచుకుని తెలుగు మాట పెడితే సున్నాలు కనపడొచ్చు. సున్నా అంటే ఎవరూ అడగలేదని కాదు, లెక్కకు చాలినంత లేవని.

చూడాలనుకుంటే 2018 జనవరి నుంచి 2021 డిసెంబరు దాకా పెట్టండి, వారాలవారీగా వస్తుంది. జూలైని జూలైతోనే పోల్చండి, వానాకాలంలో చెవికి బూజు (ఫంగస్) పట్టడం ఏటా ఉండేదే. పక్కన పోలికకు "పంటి నొప్పి"ని సాక్షిగా పెట్టండి. రెండూ ఒకే వారం లేస్తే పెరిగింది జబ్బు కాకపోవచ్చు, ఓపీలు మూతపడి ఉండొచ్చు. సరిహద్దులోని ఇచ్ఛాపురం దాటడానికే పాసు కావాల్సిన రోజుల్లో విశాఖ డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్లగలిగారు? ట్రెండ్స్ తీసుకునేది నమూనా కాబట్టి వేర్వేరు రోజుల్లో దింపితే అంకెలు కాస్త మారతాయి. నాలుగైదుసార్లు దింపి సగటు తీయాలి.

అసలు తంటా "దిబ్బడ" అనే మాటతో. గులిమి అడ్డుపడ్డా, జలుబుకు చెవి వెనక నీరు చేరినా, నరం దెబ్బతిని వినికిడి పోయినా జనం అనేది "చెవి దిబ్బడేసింది" అనే. మూడోదానికి తరచూ నొప్పే ఉండదు, కాబట్టి "చెవి నొప్పి" గీతలో అది కనపడదు. ఒక్క చెవికే దిబ్బడైతే నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి. దిబ్బడేసిన చెవిలోనే గట్టిగా మోగితే అడ్డం బయటో మధ్యలోనో ఉండొచ్చు. బాగున్న చెవివైపు పోతే నరాన్ని అనుమానించాలి. డాక్టర్లు 512 హెర్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) నుదుటిమీద పెట్టి చూసేదీ ఇదే. రెండు చెవులూ పోతే ఈ పరీక్ష పనికిరాదు. మూడు రోజుల్లోపు వినికిడి పడిపోయిందంటే అది అత్యవసరం. స్టెరాయిడ్ వీలైనంత త్వరగా మొదలవ్వాలి, రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది.

అలాంటప్పుడు వీడియోల్లో దొరికే సలహా ఏమిటయ్యా అంటే, వెల్లుల్లి కాచిన ఆవనూనె! కర్ణభేరికి చిల్లుంటే అది నేరుగా లోపలికి పోతుంది. వానాకాలం తడికి నూనె జిడ్డు తోడైతే బూజుకు పండగే. లోపల తడిసిన న్యూస్‌పేపర్ ముద్దలా ఉండి, మీద నల్లచుక్కలు కనపడతాయి. దానికి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ చుక్కలు కొని వేస్తే ఇంకా ముదురుతుంది. ముందు డాక్టరు దగ్గర సక్షన్‌తో (పీల్చే గొట్టంతో) శుభ్రం చేయించాలి, తర్వాతే బూజును చంపే క్లోట్రిమజోల్ చుక్కలు.

కరోనాకు పనిచేస్తుందని మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు ఎవరికివారే మింగిన రోజులు కూడా అవే. ఆ మందుకూ చెవిలో హోరు వస్తుంది. గీతలో ఆ హోరు కూడా కరోనా ఖాతాలోనే పడి ఉండొచ్చు.